పెర్త్ నుంచి ఎక్స్‌మౌత్ దాకా: పెద్దవాళ్ళతో, పిల్లలతో ఆ గాలి తీరంలో గుడారం వేయవచ్చా?

గౌతమి_పెర్త్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము ఆరేళ్ళుగా ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉంటున్నాము. ఆగస్టులో మా అత్తగారు, మామగారు అమలాపురం నుంచి వస్తున్నారు. ఆమెకు 63, ఆయనకు 68. మా పిల్లలకు పదేళ్ళు, ఆరేళ్ళు. సెప్టెంబరు చివర మొదలయ్యే బడి సెలవుల్లో ఆరుగురమూ ఏడు సీట్ల కారులో బయలుదేరి, పడమటి తీరం వెంట జెరాల్డ్‌టన్, షార్క్ బే, కార్నార్వన్ మీదుగా ఎక్స్‌మౌత్ వరకు వెళ్ళి, కేప్ రేంజ్ జాతీయ ఉద్యానవనంలో సముద్రం ఒడ్డున మూడు రాత్రులు గుడారాల్లో గడిపి రావాలని మా కోరిక. చేతిలో 14 రోజులు ఉన్నాయి.

మమ్మల్ని వెనక్కి లాగుతున్నది గాలి. కిందటి డిసెంబరులో పెర్త్‌కు ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న లాన్సెలిన్‌లో ఒక్క రాత్రికి గుడారం వేశాము. మధ్యాహ్నం రెండింటికి చల్లగా, హాయిగా మొదలైన గాలి, చీకటి పడేసరికి గుడారం గోడను నిద్రపోతున్న పాప ముఖం మీదికి నెట్టసాగింది. పదకొండు గంటలకు ఊచ ఒకటి విరిగి, గుడ్డ చినిగి, పిల్లలిద్దరినీ ఎత్తుకుని కారులోకి వచ్చి తెల్లవార్లూ కూర్చున్నాము. గుడారం అమ్మిన దుకాణంవారు అది ఎలాంటి గాలికైనా నిలుస్తుందని చెప్పారు. దానితో ఇచ్చిన మేకులు మాత్రం జానెడైనా లేవు. అప్పటి నుంచి మా వారు హోటళ్ళయితేనే వస్తానంటున్నారు.

ఇంకొక సంగతి కూడా ఉంది. మా మామగారు 1996 నవంబరు తుపాను రాత్రి కోనసీమలోనే ఉన్నారు. ఇంటి పైకప్పు లేచిపోతే కుటుంబమంతటినీ పక్క డాబాలోకి చేర్చి బతికించుకున్న మనిషి. ఈదురుగాలి చప్పుడు వింటే ఇప్పటికీ రాత్రిపూట లేచి కూర్చుంటారు. అయినా ఫోనులో ఈ ప్రయాణం మాట ఎత్తగానే ఆయనే అందరికంటే ముందు "వస్తాను" అన్నారు. ఆయనకు ఇష్టమైన సముద్రాన్ని చూపించబోయి, మళ్ళీ ఆ రాత్రినే గుర్తుచేస్తామేమోనని నా భయం. ఆ నెలలో గాలి ఎలా ఉంటుంది, గుడారం నిలబడేలా వేయడం ఎలా, ఎక్కడ గుడారం వేసుకుని ఎక్కడ గది తీసుకోవాలి, ఆ గాలిలో ఆరుగురికి వంట ఎలా చేయాలి అన్నవి అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జెరాల్డ్‌టన్_నివాసి ఇచ్చిన జవాబు

గౌతమి గారూ, నేను తొమ్మిదేళ్ళుగా జెరాల్డ్‌టన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈ దారిలో ఎక్స్‌మౌత్ దాకా కుటుంబంతో నాలుగుసార్లు వెళ్ళి వచ్చాను. లాన్సెలిన్‌లో జరిగిన దానికి మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోకండి. ఏడాదిలోకెల్లా గాలి బలంగా వీచే నెలలో, విండ్‌సర్ఫింగ్ చేసేవాళ్ళు గాలి కోసమే వెతుక్కుంటూ వచ్చే ఊళ్ళో మీరు గుడారం వేశారు.

వేసవిలో లోపలి ఎడారి నేల పొద్దున్నుంచీ కాగి, దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ చోటును నింపడానికి చల్లటి సముద్రం మీది గాలి ఒడ్డుకు వస్తుంది. మన కోస్తాలో ఎండాకాలం సాయంత్రం వచ్చే పైరగాలి పుట్టేదీ ఇలాగే. కాకపోతే ఇక్కడ ఆ కాలంలో తీరం వెంట దక్షిణం నుంచి ఎడతెగకుండా వీచే గాలి కూడా దానికి తోడవుతుంది కనుక అది పైరగాలిగా ఆగదు. పెర్త్‌లో 'ఫ్రీమాంటిల్ డాక్టర్' అని పిలుచుకునేది ఈ సముద్రపు గాలినే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దానిది పైచేయి. మే నుంచి ఆగస్టు దాకా చాలా రోజులు నెమ్మదిగా ఉంటుంది కాని, ఆ నెలల్లో పెర్త్ నుంచి జెరాల్డ్‌టన్ దాకా వాయవ్యం నుంచి వానతో కూడిన ఈదురుగాలులు అప్పుడప్పుడు తగులుతాయి. మీరు ఎంచుకున్న సెప్టెంబరు చివరి రోజులు గాలి పెరగడం మొదలయ్యే రోజులు. నన్నడిగితే జూలై సెలవులు మేలు. కాని జూలైలో మీ పెద్దవాళ్ళు ఇక్కడ ఉండరు కాబట్టి ఆ మాట వదిలేద్దాము. సెప్టెంబరు చివర కూడా వెళ్ళవచ్చు, రోజును గాలికి అనుగుణంగా మలచుకుంటే చాలు. పొద్దున లోపలి నేల మీది నుంచి తూర్పుగాలి వస్తుంది. అది తగ్గాక, దక్షిణపు గాలి అందుకునే లోపు సముద్రం అద్దంలా ఉంటుంది. సముద్రంలో దిగడం, గుడారం వేయడం, ఎక్కువ వంట అన్నీ ఆ పూటే కావాలి. మధ్యాహ్నం మూడు గంటలకు క్యాంపు చేరి అప్పుడు గుడారం విప్పే కుటుంబాలను చూస్తే నాకు జాలేస్తుంది; పడమటి తీరంలో అంతకంటే కష్టమైన వేళ లేదు.

జెరాల్డ్‌టన్‌కు 20 కి.మీ. పైచిలుకు దక్షిణాన గ్రీనఫ్ అనే చోట కారు ఆపి, మామగారికి అక్కడి చెట్లు చూపించండి. అవి మన వైపు తోటల్లో పెంచే జామాయిల్ జాతి చెట్లే. ఉప్పుతో నిండిన దక్షిణపు గాలి అటువైపు లేత చిగుళ్ళను ఎప్పటికప్పుడు మాడ్చివేయడం వల్ల చెట్టు ఉత్తరం వైపే పెరుగుతూ పోయి, మాను మోకాలెత్తున వంగి, కొమ్మలు నేల మీద పరుచుకుని ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు ఏదో తుపానుకు పడిపోయిందనుకుని దగ్గరికి వెళ్ళాను. వేళ్ళు పదిలంగా ఉన్నాయి, తల నిండా పచ్చటి ఆకులున్నాయి. ఆ చెట్టు ఏ వైపు తల వాల్చిందో ఆ వైపే మీ గుడారానికి గుమ్మం ఉండాలి.

గుడారం సన్నటి కొసను దక్షిణానికి పెట్టి, గుమ్మాన్ని ఉత్తరానికి తిప్పండి. నిలువు గోడలతో ఇల్లులా ఎత్తుగా ఉండే గుడారం ఈ తీరానికి పనికిరాదు. వంగిన వీపుతో తక్కువ ఎత్తున ఉండేది కావాలి. ఆరుగురికీ ఒకటే పెద్దది కొనకుండా ముగ్గురేసి పట్టేవి రెండు తీసుకోండి, ఒకటి దెబ్బతిన్నా ఇంకొకటి మిగులుతుంది. ఊచలు ఎక్కించకముందే గుడ్డను నేల మీద పరిచి, గాలి వచ్చే వైపు అంచును మేకులతో బిగించి, ఆ తరువాతే పైకి లేపాలి. మేకు కొన గుడారం వైపు, తల బయటి వైపు ఉండేలా ఏటవాలుగా దిగగొట్టాలి. చాలామంది అలంకారానికి ఉన్నాయనుకుని సంచిలోనే వదిలేసే పక్క తాళ్ళు అసలైన బలం. వాటిని ఒక్కటీ విడవకుండా కట్టండి. మేకులు రెండు రకాలు కావాలి: ఇసుకకు 30 సెంటీమీటర్లకు తగ్గని వెడల్పాటివి, గులక నేలకు గట్టి ఇనుపవి. కేప్ రేంజ్‌లో చాలా చోట్ల నేల గట్టిది, మంచి సుత్తి లేనిదే మేకు దిగదు. కారును దక్షిణం వైపు అడ్డంగా నిలిపితే కొంత గాలి ఆగుతుంది. నీడ కోసం వేసే నాలుగు కాళ్ళ పందిరిని మాత్రం మధ్యాహ్నానికల్లా మడిచి పెట్టండి. గాలికి అన్నింటికంటే ముందు లేచేదీ, పక్కవాళ్ళ మీద పడేదీ అదే.

దారి విషయానికి వస్తే, పెర్త్ నుంచి జెరాల్డ్‌టన్ సుమారు 420 కి.మీ. అక్కడి నుంచి ఓవర్‌ల్యాండర్ రోడ్‌హౌస్ దగ్గర ఎడమకు తిరిగి షార్క్ బేలోని డెన్‌హామ్ చేరడానికి మరో 410 కి.మీ. డెన్‌హామ్ నుంచి కార్నార్వన్ సుమారు 330, అక్కడి నుంచి ఎక్స్‌మౌత్ 370 పైన. ఒక్కొక్కటి ఒక రోజు ప్రయాణం. ఏ రోజైనా ఐదు గంటలకల్లా దిగిపోయేలా చూసుకోండి. చీకటి పడే వేళ కంగారూలు, ఈమూలు, మేకలు రోడ్డు మీదికి వస్తాయి. మూడు పెట్టెలు లాగే పొడవాటి లారీ (ఇక్కడ రోడ్ ట్రెయిన్ అంటారు) ఎదురైనప్పుడు దాని గాలి కారును ఒక్కసారి పక్కకు నెట్టి మళ్ళీ లాగుతుంది, స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోండి.

ఇంధనం గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. వెళ్ళేటప్పుడు గాలి మీ వీపున ఉంటుంది, వచ్చేటప్పుడు ఎదురుగా ఉంటుంది. కారు మీద పెట్టె కట్టుకుని ఎదురుగాలిలో 110 వేగంతో వస్తుంటే ట్యాంకు కళ్ళముందే ఖాళీ అవుతుంది. వెళ్ళేటప్పుడు వచ్చిన మైలేజీని తిరుగు ప్రయాణానికి నమ్ముకోవద్దు. మినిలియా, ఓవర్‌ల్యాండర్ వంటి రోడ్‌హౌస్ కనబడిన ప్రతిచోటా నింపుకోండి.

చివరిగా, కేప్ రేంజ్‌లో గుడారం చోటును ముందే బుక్ చేసుకోవాలి. దిగే తేదీకి 180 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. సెప్టెంబరు 28న దిగాలంటే ఏప్రిల్ 1న తెరుచుకుంటుంది. సెలవు రోజులకు చోట్లు చాలా త్వరగా అయిపోతాయి.

కావలి_ఆడపడుచు ఇచ్చిన జవాబు

గౌతమి గారూ, మూడేళ్ళ కిందట మా అమ్మానాన్నలను ఇదే దారిలో తీసుకువెళ్ళాను కాబట్టి పెద్దవాళ్ళ సంగతీ వంట సంగతీ నేను చెబుతాను.

పెద్దవాళ్ళకు కష్టం గుడారంలో పడుకోవడం కాదు, రాత్రిపూట నేల మీద నుంచి లేవడం. వాళ్ళిద్దరికీ మడత మంచాలు తీసుకోండి. మంచం అంచు పట్టుకుని లేవగలిగితే సగం అలసట తగ్గుతుంది. కేప్ రేంజ్ క్యాంపుల్లో నీటితో పనిలేని గుంత మరుగుదొడ్లు ఉన్నాయి. కూర్చునేవే, శుభ్రంగానే ఉంటాయి. నీళ్ళు, కరెంటు, స్నానాల గదులు, చెత్త డబ్బాలు ఉండవు. మంట వేయనివ్వరు. ఫోను సిగ్నల్ దాదాపు ఉండదు. ఇవన్నీ బయలుదేరకముందే అత్తగారికి చెప్పి ఉంచండి, అక్కడికి వెళ్ళాక తెలిస్తే చిన్నబుచ్చుకుంటారు.

తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు ఐదు లీటర్ల చొప్పున మేము లెక్కవేసుకున్నాము. మీ ఆరుగురికి మూడు రోజులకు 90 లీటర్లు, అంటే 90 కిలోలు. ఆ బరువును కారు మీద కట్టకండి. వెనక సీటు దగ్గర నేల మీదికి రావాలి. అందుకే పెర్త్ నుంచి మోసుకుపోకుండా ఎక్స్‌మౌత్‌లో నింపుకుని ఉద్యానవనంలోకి వెళ్ళండి.

వంట విషయంలో మొదటి రాత్రి నాకు బుద్ధి వచ్చింది. వెడల్పాటి గిన్నెలో పప్పు పెట్టి, మూత తీసి కలుపుతుండగా గాలి తిరిగింది. గరిటె పట్టిన చేతి మీద ఇసుక సూదుల్లా గుచ్చుకుంది, పప్పు పైన సన్నటి పొర కట్టింది. కడుపు నిండా తినవలసిన పిల్లలు పళ్ళ కింద కరకరమంటుంటే ముద్ద వదిలేశారు. మరునాటి నుంచి ప్రెషర్ కుక్కరు తప్ప వేరే గిన్నె వాడలేదు. మూత పడితే ఇసుక చేరదు, గ్యాసూ తక్కువ పడుతుంది. ఉదయం ఏడింటికే అన్నం వండి సగం పులిహోర కలిపి, మిగిలిన సగం పెరుగన్నం చేసి ఐస్ పెట్టెలో పెట్టేదాన్ని. కందిపొడి, నెయ్యి, ఆవకాయ, ముందే ఇంట్లో కాల్చి తెచ్చుకున్న చపాతీలతో సాయంత్రం పొయ్యి వెలిగించే పనే ఉండేది కాదు. పొయ్యి చుట్టూ గాలికి అడ్డు పెట్టేటప్పుడు గ్యాసు డబ్బాను ఆ అడ్డు లోపల మూయకండి, అది వేడెక్కితే ప్రమాదం. ఎంత గాలి వీచినా సరే, గుడారంలో పొయ్యి వెలిగించవద్దు. పొయ్యి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు వాసన ఉండదు, ప్రాణం పోయేదాకా తెలియదు.

మందుల విషయం మరవకండి. ఆసుపత్రులు జెరాల్డ్‌టన్, కార్నార్వన్, ఎక్స్‌మౌత్‌లలో ఉన్నాయి, మధ్యలో వందల కిలోమీటర్ల దూరం. పెద్దవాళ్ళు వాడే మందులు రెండు చోట్ల విడిగా పెట్టండి. వాళ్ళ ప్రయాణ బీమాలో అంబులెన్సు, విమానంలో తరలింపు ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.

షార్క్ బేలో షెల్ బీచ్‌కు తప్పకుండా తీసుకువెళ్ళండి. అక్కడ ఇసుకే ఉండదు. వేలిగోరంత తెల్లటి గుల్లలు, కొన్నిచోట్ల పది మీటర్ల లోతు దాకా పేరుకుని ఉంటాయి. అక్కడి నీళ్ళు మామూలు సముద్రం కంటే బాగా ఉప్పన కావడంతో ఆ గుల్లను తినే జీవులు నిలవలేవు, గుల్ల మాత్రం విపరీతంగా పెరుగుతుంది. మా నాన్న ఒక దోసెడు తీసుకుని చూసి, "అమ్మాయీ, ఇదంతా గుల్లసున్నమే కదా, మనవైపు ఉంటే బట్టీ పెట్టేవాళ్ళు" అన్నారు. డెన్‌హామ్‌లో ఆ గుల్లలు గట్టిపడిన రాయిని ఇటుకల్లా కోసి కట్టిన పాత కట్టడాన్ని చూపించాక ఆయన ఆనందానికి అంతులేదు.

ఈత_శిక్షకుడు ఇచ్చిన జవాబు

సముద్రం గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. కేప్ రేంజ్‌లో టర్కోయిజ్ బే ఎంత అందమైనదో అంత జాగ్రత్త కోరుతుంది. ఒడ్డు పక్కనే పగడపు దిబ్బలు ఉండడం నింగలూ అనే ఈ తీరం గొప్పదనం. పడవ ఎక్కకుండానే నడిచి వెళ్ళి రంగురంగుల చేపలను చూడవచ్చు. దక్షిణపు కొస దగ్గర నీళ్ళలో దిగితే ప్రవాహం మిమ్మల్ని ఉత్తరానికి మెల్లగా తీసుకుపోతుంది. ఆ ప్రవాహం ఇసుక మేట దాటాక దిబ్బలోని గండిలోంచి బయటి సముద్రంలోకి పోతుంది. మేట రాకముందే ఒడ్డెక్కాలి. గాలి, అలలు ఎక్కువగా ఉన్న రోజున ఆ లాగుడు ఇంకా బలంగా ఉంటుంది. మీ పిల్లలను ఆ వైపు దించకండి. మేటకు అవతల ఒంపులో నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, అక్కడ పెద్దవాళ్ళు చెయ్యి అందేంత దూరంలో నిలబడి ఆడించండి.

కార్నార్వన్‌కు ఉత్తరాన క్వోబా దగ్గర రాతి రంధ్రాల్లోంచి సముద్రం పైకి చిమ్ముతుంది. ఆ దారి సముద్రాన్ని చేరే చోట పెద్ద అలలు ప్రాణాలు తీస్తాయని ఇంత పెద్ద అక్షరాలతో బోర్డు ఉంటుంది. దాన్ని అక్షరాలా నమ్మండి. రాయి తడిగా కనబడినంత మేరా అల వచ్చిపోయిన చోటే. పొడి రాయి మీద, దూరంగా నిలబడి చూడండి.

గౌతమి_పెర్త్

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మీరు రాసినదంతా నిన్న రాత్రి మా వారికి చదివి వినిపించాను. లాన్సెలిన్‌లో దక్షిణానికి గుమ్మం పెట్టి గుడారం వేశామని ఆయనకు ఇప్పుడు అర్థమయింది, వస్తానన్నారు. జెరాల్డ్‌టన్ నివాసి గారూ, ఇంకొక్కటి అడుగుతాను. ఇవన్నీ పాటించినా గాలి మించిపోయే రాత్రి వస్తే, గుడారంలో ఉండాలా, లేచి వెళ్ళిపోవాలా అన్నది ఏ గుర్తును బట్టి నిర్ణయించుకోవాలి? మామగారి ముందు ఆ మాట అర్ధరాత్రి తర్కించుకోవడం నాకు ఇష్టం లేదు.

జెరాల్డ్‌టన్_నివాసి

అర్ధరాత్రి తర్కించుకునే అవసరం రానివ్వకండి, పగలే నిర్ణయించుకోండి. ఉద్యానవనంలోకి వెళ్ళే ముందు ఎక్స్‌మౌత్‌లోనే వాతావరణ శాఖ తీర సూచన మూడు రోజులకు చూసి రాసుకోండి. అందులో గాలిని నాట్లలో చెబుతారు. 26 నాట్లు దాటితే బలమైన గాలి హెచ్చరిక ఇస్తారు, అంటే గంటకు 48 కి.మీ. పైమాట. అది సగటు వేగం. మధ్యమధ్య వచ్చే విసురు అంతకు 40 శాతం దాకా ఎక్కువ ఉండవచ్చు. మా ఇంట్లో 20 నాట్లు దాటితే పెద్దవాళ్ళు గుడారంలో పడుకోరు. అందుకే ఆ మూడు రాత్రుల్లో రెండో రాత్రికి ఎక్స్‌మౌత్ పట్టణంలో రద్దు చేసుకునే వీలున్న గది ఒకటి పెట్టుకోండి. గాలి ఎక్కువైతే వాళ్ళిద్దరితో ఒకరు వెలుగుండగానే పట్టణానికి వెళ్ళిపోవచ్చు. డెన్‌హామ్, కార్నార్వన్‌లలో మాత్రం గుడారం ఆలోచనే పెట్టుకోకండి. నాలుగు గోడల చిన్న క్యాబిన్లు దొరుకుతాయి. ఒక రాత్రి వేసి మరునాడు విప్పే గుడారం అందరినీ అలసటకు గురిచేస్తుంది.

మామగారికి ముందే నిజం చెప్పండి. గాలి ఉంటుందని, అది తుపాను కాదని, తుపానుల కాలం అక్కడ నవంబరుకు గాని మొదలవదని చెప్పండి. గుడారం వేసే పని ఆయన చేతికి ఇవ్వండి. తాను కట్టిన తాడు చప్పుడుకు మనిషి అంతగా ఉలిక్కిపడడు.

గౌతమి_పెర్త్

ఈ రోజు ఉదయం ఆయనతో మాట్లాడాను. గాలి సంగతంతా విని, కాసేపు ఊరుకుని, మేకులు ఎంత పొడవున్నాయని అడిగారు. తరువాత, అక్కడి తాళ్ళను నమ్మలేము, మన కొబ్బరితాడు ఒక చుట్ట తెస్తానన్నారు. తేవచ్చునా?

జెరాల్డ్‌టన్_నివాసి

వద్దని చెప్పండి. కొబ్బరి పీచు మొక్క నుంచి తీసినది కనుక విమానాశ్రయంలో తప్పనిసరిగా చూపించాలి. వాళ్ళు రానివ్వవచ్చు, రానివ్వకపోవచ్చు, పెద్దవాళ్ళు వరుసలో నిలబడి ఇబ్బంది పడతారు. నా దగ్గర పడవలకు వాడే నైలాను తాడు 40 మీటర్లు ఉంది, బరువైన సుత్తీ ఉంది. మీరు మొదటి రాత్రి జెరాల్డ్‌టన్‌లోనే ఆగుతారు కదా, మా ఇంటికి భోజనానికి రండి. తాడు తెంపి ముడులు ఎలా వేయాలో మామగారే మాకు చూపిస్తారు, తిరిగి వచ్చేటప్పుడు సుత్తి ఇచ్చి వెళ్ళండి.